ముక్కులో బంక

ఖమ్మంలో కారం గిర్ని నడిపే ఖుద్సియాకు ముక్కుందన్న మాటేగానీ, వాసన పోయి ఏండ్లయింది. మిరప ఘాటుకు బజార్ల పోయేటోళ్ళు తుమ్మి చస్తుంటే ఆమె నిమ్మళంగా కాయలు పోస్తుండేది. చీమిడి చీదితే రాదు, వచ్చినా తెగదు, వేలికంటి సాగుతనే ఉంటది.

భర్త మున్వర్‌ది మంచం బతుకైంది. షుగర్‌తో కాలి పుండు మానదు. కట్టు విప్పే వేళకు ఆ కంపుకు గదిలో ఎవరూ నిలవలేరు. కూతురు ఫరహా తల్లాడలో అత్తగారింటి నుంచి చూడవచ్చి, గుమ్మంలనే దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఖుద్సియాకు ఒళ్ళు మండింది.

"కన్నతండ్రి గంత కంపయిండా నీకు? నేను రోజూ కడుగుతలేనా?"

ఆ పిల్ల ఏడ్చుకుంట పోయింది, మళ్ళ రాలేదు. పోతే పోనీ, ఆయనకు నేనున్న అనుకుంది ఖుద్సియా. ఆ గర్వంతోనే బతికింది, దాచేదేముంది!

ముక్కుకు ఆపరేషన్ చేయించుకోమని వెంటపడ్డది మున్వరే. "ముక్కాడక నిద్ర లేక సగమైనవ్. జల్దీ పోయి చూపించుకో."

దవాఖానాలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "మామూలు చీమిడి పల్చగుంటదమ్మా. ముక్కులోపలి సన్నని నూగు దాన్ని గొంతులోకి నెట్టేస్తది. మీది చిక్కబడి బంకైంది. నూగు కదిలించలేదు. అది అడ్డం పడితే వాసన పైకెట్ల పోతది?" తీసినంక చూపించింది, తుమ్మబంక లాంటి ముద్దలు. రోజూ ఉప్పునీళ్ళతో కడుక్కోమని పంపింది.

కొన్నాళ్ళకు ఓ పొద్దున ముక్కు నుంచి చీమిడి నీళ్ళలెక్క జారింది. చాయ్‌లో ఇలాచీ వాసన తగిలింది. ఖుషీగా ఆ కప్పు పట్టుకునే మున్వర్ గదికి పోయింది.

లోపల అడుగు పెట్టంగనే పుండు కంపు గుప్పున కొట్టింది. గోడ పట్టుకుని వాంతి ఆపుకుంది. ఛీ, ఇన్నాళ్ళు ప్రేమ అనుకున్నదంతా ముక్కులో బంకేనా? కన్నబిడ్డను ఎన్నేసి మాటలన్నది!

మున్వర్ ఆమె మొహమే చూస్తున్నడు. దుప్పటి లాగి కాలు కప్పుకున్నడు.

"వాసన వచ్చింది గదా?"

"లేదు," అంది ఖుద్సియా.

"నాకు మొదటి సంది వస్తనే ఉంది. అందరి మొహాలల్ల చూస్తనే ఉన్న. నీ ఒక్కదాని ముందరే సిగ్గుపడకుండ కాలు చాపుకున్న."

ఆమె గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి, ఊపిరి బిగబట్టి దుప్పటి తీయబోయింది. ఆయన అంచు గట్టిగా పట్టుకున్నడు.

"వద్దు. ఎవరన్న కిరాయి మనిషిని మాట్లాడు."