లోపలి మెషీన్

"మెషీన్ మీద పెట్టించి సాయంత్రానికి చెప్తానండీ" అని మా ఆయన ఫోన్లో ఎవరికో మాట ఇస్తున్నాడు. ఆ మెషీన్ అప్పుడు వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతోంది.

గుడివాడలో మా ఇంటి ముందు గదే మా షెడ్డు. పాత ఇంజిన్ల పైన మూతలా ఉండే హెడ్లు విప్పి, వాల్వులూ స్ప్రింగులూ సరిచేసి ఇస్తాం. "ఇస్తాం" అని నేనంటాను కానీ బోర్డు మీద మా ఆయన క్రాంతి కుమార్ ఒక్కడే ఉంటాడు. షెడ్డుకీ వంటింటికీ మధ్య చిన్న గది ఉంది. అందులో పాత డ్రిల్లింగ్ మెషీన్, దాని కింద గిలకలదిండి రేవులో ఏళ్ల తరబడి చేపలు తూచి వచ్చిన సెకండ్ హ్యాండ్ కాటా. వాన పట్టిందంటే ఇప్పటికీ నీచు వాసనేస్తుంది. స్ప్రింగుని కాటా మీద నిలబెట్టి, డ్రిల్లు పిడి తిప్పి పైనుంచి నొక్కుతాను. ఎంత ఎత్తుకి నొక్కానో వెర్నియర్‌తో చూసుకుంటాను, అది ఎన్ని కిలోల బలంతో ఎదురు తిరుగుతోందో కాటా చెబుతుంది. తెరుచుకున్న వాల్వుని మళ్లీ మూసేది ఆ స్ప్రింగే. అది నీరసపడితే వేగం అందుకున్నాక వాల్వు వేళకి మూసుకోదు, బండి చేతులెత్తేస్తుంది. ఆడదాని బతుకుని స్ప్రింగుతో పోల్చే కవిత్వం మాత్రం నా దగ్గర చెప్పకండి. స్ప్రింగుని స్ప్రింగులా, నన్ను మనిషిలా చూస్తే చాలు.

బందరులో మెకానికల్ డిప్లొమా చదివాను. క్లాసంతటికీ నేనొక్కదాన్నే ఆడపిల్లని. పెళ్లిచూపుల్లో మా అత్తగారు ఆనందమ్మ "చదువుంటే మంచిదేలే, రేపు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటుంది" అన్నారు. పెళ్లయిన కొత్తలో ఎవరో ట్రాక్టరాయన నా చేతిలో వెర్నియర్ చూసి "ఏంటి క్రాంతీ, ఆడాళ్ల చేత చేయిస్తున్నావా?" అని హెడ్డు తిరిగి పట్టుకెళ్లిపోయాడు. "నువ్వు లోపలుండి చెయ్యి సువర్ణా, బయటివాళ్లు నమ్మరు" అన్నాడు మా ఆయన. ఆ తర్వాతి వారం నుంచే "లోపల మెషీనుందండీ, కోయంబత్తూరు నుంచి తెప్పించాం" అనడం మొదలైంది. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. పదకొండేళ్లలో ఆ లేని మెషీన్ పేరు దివిసీమ దాకా పాకింది. హెడ్డుకి కట్టే చీటీ మీద "మెషీన్ టెస్టెడ్" అని నా చేత్తోనే రాశాను. "మీ మెషీన్ అబద్ధం చెప్పదయ్యా" అని జనం మెచ్చుకుంటుంటే, అత్తగారు నా వంక తిరిగి "ఆ గ్రీజు చేతుల్తో పోపులడబ్బా ముట్టుకోకమ్మాయ్" అనేవారు.

కిందటి నెలలో కోడూరు నుంచి గోవర్ధనరావుగారు వచ్చారు. రొయ్యల చెరువులున్న ఆసామి, తొంభై ఎనిమిది మోడల్ జిప్సీ అంటే ఆయనకి ప్రాణం. సముద్రం ఒడ్డున ఇసుకలో జీపుల పోటీ. కిందటేడు ఆఖరి మలుపు దగ్గర ఆ బండి గొంతు పట్టేసి ఆగిపోయిందట. ఈసారి వాల్వుని ఇంకా లోతుగా తెరిచే కొత్త క్యామ్ వేయించారు. దానికి తగ్గ స్ప్రింగులని రెండు రకాలు తెచ్చారు, ఎర్రరంగువి బాగా గట్టివి, నల్లవి మధ్యరకం.

"ఎర్రవే వేసెయ్ క్రాంతీ. ఎంత గట్టివైతే అంత పరుగు."

"అంతేనండీ" అన్నాడు మా ఆయన.

గోవర్ధనరావుగారు వెళ్లాక నేను లోపల కూర్చుని ఎర్రవాటిని కొత్త క్యామ్ తెరిచినంత ఎత్తుకి నొక్కాను. చుట్లు ఇంచుమించు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అన్నిటి మధ్యా కలిపి మిగిలింది అర మిల్లీమీటరు. పరుగులో ఆ చుట్లు కొట్టుకుంటాయి, పైనుంచి వాల్వుని నొక్కే రాకర్ విరుగుతుంది, దాంతో ఇంజినే పోతుంది. నల్లవాటికి రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, బలమూ పాతవాటికంటే ఎక్కువే.

"ఎర్రవి వద్దండీ."

"ఆయన కొనుక్కొచ్చిన సామాను వద్దని నేనెలా చెప్తాను? నీకెందుకు, బిగించెయ్."

"బిగించను."

ఆ మాట నా నోటి నుంచి రావడం నాకే కొత్త. ఇంజిన్ పోతే లేని మెషీన్‌కి పోయేదేమీ లేదు, తప్పేది నా లెక్క. ఆ లెక్కని మాత్రం ఎవరి మాట కోసమూ తప్పనివ్వదలుచుకోలేదు.

"నా భార్య వద్దందని చెప్పమంటావా? నవ్వుతాడు" అంటూ ఆయన ఫోన్ తీశాడు. "గోవర్ధనరావుగారూ, ఎర్రవి మెషీన్ ఒప్పుకోవట్లేదండీ."

"మెషీనే వద్దందా? అయితే నల్లవే వెయ్యి."

అంతే. నేను అరగంట వాదించినా దాటని గుమ్మాన్ని ఆ మెషీన్ ఒక్క ముక్కతో దాటేసింది. ఆ రోజు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నల్లవి ఎనిమిదీ కొలిచాను. రెండు కొంచెం తక్కువ చూపిస్తే కింద షిమ్ములనే పల్చటి రేకు బిళ్లలు వేసి మిగతావాటితో సమానం చేసి బిగించాను.

జిప్సీ గెలిచింది. కిందటేడు ఆగిపోయిన మలుపులోనే ముగ్గుర్ని దాటిందట. సోమవారం పొద్దున గోవర్ధనరావుగారు బందరు లడ్డూ పెట్టెతో దిగారు. వెంట సూర్యనారాయణగారని, బందరులో పోటీ బండ్లు తయారుచేసే పెద్దాయన.

"ఇక నా హెడ్లన్నీ నీ దగ్గరికే పంపిస్తానయ్యా. ముందు ఆ మెషీన్ చూపించు" అన్నారా పెద్దాయన.

మా ఆయన లోపలి గది గుమ్మానికి అడ్డంగా వచ్చాడు. "సర్వీసుకెళ్లిందండీ... కోయంబత్తూరు."

పప్పు పొయ్యి మీదే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి షెడ్డులోకి వచ్చాను.

"ఎక్కడికీ వెళ్లలేదండీ. పదకొండేళ్లుగా దానికి సర్వీసే లేదు."

"మరి ఏదమ్మా? ఎక్కడ కొన్నారు?"

"కొనలేదండీ. పెళ్లి చేసుకుని తెచ్చుకున్నారు."

గోవర్ధనరావుగారు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. "సువర్ణా, లోపలికెళ్లు" అన్నాడు మా ఆయన.

"వెళ్తున్నాను. మీరూ రండి సూర్యనారాయణగారూ."

ఆయన కాటానీ డ్రిల్లునీ చూశారు. సంచిలోంచి ఒక స్ప్రింగు తీసి, ఎంత ఎత్తుకి నొక్కాలో చెప్పారు. వెనక ముగ్గురు నిలబడి చూస్తుండగా పిడి తిప్పి నొక్కాను.

"ముప్పై ఆరు కిలోలు."

ఆయన జేబులోంచి కాగితం తీసి విప్పారు. "మద్రాసులో పెద్ద మెషీన్ మీద ముప్పై ఆరుంపావు వచ్చింది. పావు కిలో తేడా ఉందే!"

నేను మూలనున్న, తూనికలవాళ్లు ముద్ర వేసిన ఇరవై కిలోల తూకపు రాయి ఎత్తి కాటా మీద పెట్టాను. అంకె సరిగ్గా ఇరవై దగ్గర నిలిచింది. "దీన్ని రోజూ పొద్దున్నే ఇలా సరిచూసుకుంటానండీ. మీ మద్రాసు మెషీన్‌ని కూడా ఓసారి చూపించుకోండి."

సూర్యనారాయణగారు పగలబడి నవ్వారు. "ఓరి గోవర్ధనం, నిన్ను గెలిపించింది ఈ అమ్మాయిరా!" అన్నారు. నాకు ఎంత సంతోషమేసిందో దాచుకోను. పదకొండేళ్లకి నా పని నా మొహం చూసి మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన.

"అమ్మాయ్, పప్పు మాడిపోతోంది!" అని అత్తగారు కేకేశారు.

"మీ అబ్బాయిని పంపిస్తున్నాను అత్తయ్యా" అన్నాను. మా ఆయన నా వైపు, వాళ్లిద్దరి వైపు చూసి, వంటింట్లోకి నడిచాడు.

బల్ల మీద ఆయన వదిలేసిన ఫోన్ మోగింది. గ్రీజు చేత్తోనే తీశాను.

"మోటూరు నుంచండీ. ట్రాక్టర్ హెడ్డు ఒకటుంది, మీ మెషీన్ మీద పెట్టించాలి. ఖాళీగా ఉందాండీ?"

"మెషీన్ లేదండీ," అన్నాను. "నేను సువర్ణని. రేపు పది తర్వాత తీసుకురండి, నేనే కొలుస్తాను."