తెనాలి పాఠకులందరి తరఫున

మూడో మానిటరు తుడుస్తున్న యలమంద ఆగి గోడ గడియారం వంక చూశాడు. తొమ్మిదిన్నర. రేపల్లె పాసింజరు వచ్చేది పదకొండింటికి. ఈలోగా అరవై మంది మనుషుల్ని ఎక్కణ్ణుంచి పుట్టించాలో ఆయనకి అంతుపట్టలేదు.

యాభై రెండేళ్ళ మనిషి. సన్నగా, కాస్త ముందుకి వంగి ఉంటాడు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, అందులో ఒకటి రాయదు. ఆయన చేరిన వ్యాపారమల్లా మూతపడుతుందని తెనాలిలో చాలామందికి తెలుసు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పదేళ్ళు జనానికి అర్జీలు కొట్టిపెట్టాడు, అది పోయింది. వీడియో క్యాసెట్ల కొట్లో కూర్చున్నాడు, అదీ పోయింది. ఎస్టీడీ బూత్‌లో చేరిన ఏడాదికే ప్రతివాడి చేతిలోకీ సెల్‌ఫోన్ వచ్చిపడింది. ఇప్పుడు స్టేషన్ రోడ్డులో మేడ మీద ఆరు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్. "దీన్నన్నా బతకనివ్వవయ్యా" అన్నాడు ఓనరు బసవపున్నయ్య, చేర్చుకున్న రోజున. నవ్వుతూనే అన్నాడు గానీ భయం భయంగానే అన్నాడు.

రెండు నెలల కిందట ఎవరో పేజీ మూయకుండా వెళ్ళిపోయారు. మూయబోతూ యలమంద నాలుగు ముక్కలు చదివాడు. "సుబ్బాయమ్మగారు పెళ్ళినాటి రవికే ఇప్పటికీ ఆదికి తెస్తారు. కొలతలు దాని ప్రకారమే ఉండాలట, ఒంటికి మాత్రం పట్టాలట. నేను టైలర్నమ్మా, మంత్రగత్తెను కాను." యలమంద పకపకా నవ్వాడు. భార్య పోయిన ఈ ఆరేళ్ళలో ఆయన అలా నవ్వింది లేదు. తన నవ్వు విని తనే కాస్త జడుసుకున్నాడు.

దాన్ని బ్లాగంటారనీ, తోచింది తోచినట్టు రాసుకోవచ్చనీ, ఏ పత్రికవాళ్ళనీ బతిమాలక్కర్లేదనీ తరవాత తెలిసింది. పేజీ పక్కన వరసగా ఇంకొన్ని పేర్లున్నాయి. నొక్కుతూ పోతే బాపట్లలో ఒకాయన తన పాత స్కూటరు మీద మాత్రమే రాస్తున్నాడు. వేటపాలెంలో ఒకావిడ జీడిపప్పు కార్ఖానాలో ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్లు రాస్తోంది. అన్నీ చదివాడు. చదివి, మళ్ళీ రేపల్లెలో బట్టలు కుట్టే మున్నీసా రాసే 'కొలతల పుస్తకం' దగ్గరికే వచ్చాడు.

ఆ పేజీ అడుగున చూసినవాళ్ళ లెక్క ఉంటుంది. రోజుకి నాలుగు. అందులో మూడు తనవే. యలమందకి ఒళ్ళు మండింది. ఇంత బాగా రాసే మనిషికి నాలుగేంటి అనుకుని, ఆరు కంప్యూటర్లలోనూ తెరవగానే ఆ పేజీ వచ్చేలా పెట్టేశాడు. పరీక్ష ఫలితాల కోసం వచ్చినవాళ్ళకి ముందు రవికల సంగతి కనబడేది. వాళ్ళు విసుక్కుని మార్చేసుకునేవారు. లెక్క మాత్రం అరవైకెళ్ళింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన ఆగలేదు, కింద అభిప్రాయం కూడా రాశాడు. చేతికి అలవాటైన భాష అర్జీలదేనాయె. "తెనాలి పాఠకులందరి తరఫున సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా, తమరు ఇట్లే వ్రాయుచుండవలెను." అది చూసి మున్నీసా పొంగిపోయింది. ఆదివారం పదకొండింటికి తెనాలి స్టేషన్ బయట టీకొట్టు దగ్గర అందరం కలుద్దాం, అరవై మందికీ సమోసాలు నేనే తెస్తాను అని రాసేసింది. ఇవాళే ఆ ఆదివారం.

రెండో కంప్యూటరు దగ్గర పెళ్ళిసంబంధాలు చూసుకుంటున్న వరప్రసాదం దగ్గరికెళ్ళాడు యలమంద. "ఒక అరగంట స్టేషన్‌కి వస్తావా? సమోసా పెడతారు."

"ఏ పార్టీవాళ్ళండి?"

"పార్టీ కాదయ్యా. ఒకావిడొస్తోంది."

"సమోసాకైతే రానండి. బిర్యానీ పెట్టేవాళ్ళొస్తే చెప్పండి."

చివరికి ఒక్కడే వెళ్ళాడు. మున్నీసాని పోల్చుకోవడం కష్టం కాలేదు. నల్ల బురఖా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, తీయడం మరిచిపోయిన టేపు మెడలో. చంకన గుడ్డ కట్టిన పెద్ద స్టీలు బేసిను.

"తెనాలి పాఠకులాండి?"

"అవునమ్మా."

"మిగతావాళ్ళేరి?"

యలమంద గొంతు సవరించుకున్నాడు. "మనవి ఏమనగా..." అని మొదలుపెట్టి, సిగ్గుపడి, జరిగిందంతా చెప్పేశాడు. ఆమె ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది.

"అయితే అరవై మందీ మీరేనా అన్నయ్యా?"

"కాదమ్మా. అసలు లెక్క నాలుగు. మూడుసార్లు నేను. ఆ నాలుగో మనిషెవరో నాకూ తెలీదు."

"నాలుగోది నేనే."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"పొద్దున్నే లేచి చేశానండి ఇవన్నీ. ఇంట్లోవాళ్ళకి అరవై మందని చెప్పుకున్నాను." కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఇంక రాయన్లెండి. నాలో నేను మాట్లాడుకోడానికి కంప్యూటరెందుకు?"

వచ్చిన బండే అరగంటలో తిరిగి బయల్దేరుతుంది. బేసిను యలమంద చేతుల్లో పెట్టి, "ఇది మోసుకుంటూ ఇంటికెళ్తే నవ్వుతారు. మీ పాఠకులకే పెట్టుకోండి" అని ఆమె లోపలికెళ్ళి ఎక్కేసింది. బండి కదిలింది.

మనసు నొచ్చి అన్న మాట అది. యలమంద దాన్ని ఉత్తర్వులా తీసుకున్నాడు. బేసిను కౌంటరు మీద పెట్టి, స్కెచ్ పెన్నుతో అట్టముక్క రాసి నిలబెట్టాడు. "ఒక పోస్టు చదివినవారికి ఒక సమోసా. చదివి తమ అభిప్రాయము చీటీపై వ్రాయవలెను."

బిర్యానీ వరప్రసాదం నాలుగు చదివి నాలుగు తిన్నాడు. అతని చీటీల్లో మూడు సమోసా గురించే. బసవపున్నయ్య ఓనరు హోదాలో చదవకుండానే రెండు తిన్నాడు. మూడోదానికి యలమంద చేయడ్డం పెట్టేసరికి తిట్టుకుంటూ కూర్చుని, పెళ్ళికొడుకు కోటుకి రెండు ఎడమచేతులు కుట్టేసిన పోస్టు చదివాడు. అది పెళ్ళి మండపం దగ్గర ఆగిపోయింది, తక్కింది రేపు రాస్తానని. "ఇదేంటయ్యా, ఆ పెళ్ళి జరిగిందా లేదా?" అని యలమంద మీద ఎగిరి, ఆ ప్రశ్నే చీటీ మీదా రాశాడు. హాల్ టికెట్టు కోసం వచ్చిన శివపార్వతి అనే అమ్మాయి సమోసాలు అయిపోయాక కూడా లేవలేదు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతూ చదివి, టికెట్టు మరిచిపోయి వెళ్ళి, మళ్ళీ మెట్లెక్కి వచ్చింది.

అరవై చీటీలు రాలేదు. తిని చీటీ రాయకుండా జారుకున్నవాళ్ళు పోను ముప్ఫై ఒకటి వచ్చాయి. సాయంత్రం యలమంద బేసిను కడిగి తుడిచాడు. ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని ఆయన భార్య అనేది. అందుకని చీటీలన్నీ అందులో వేశాడు. రేపు రేపల్లె బండెక్కుదామని నిశ్చయించుకుని, తన చీటీ కూడా రాయడానికి కూర్చున్నాడు. సవినయంగా అని మొదలుపెట్టి చింపేశాడు. రెండోదీ చింపాడు. మూడోదాని మీద రాసింది ఒకటే ముక్క. "ఒక్కణ్ణే చదివినా, నిజంగా చదివానమ్మా."

దాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, ఆ గుడ్డే కట్టి, షట్టరు దించి వెళ్ళిపోయాడు. మున్నీసా, రేపల్లె అని అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన బేసిను ఆ రాత్రికి కౌంటరు మీదే ఉండిపోయింది.