రుచి చూడని వంట

సెప్టెంబరు సగంలో తమిళుల పెరటాశి నెల వచ్చిందంటే మా పుత్తూరు మీదుగా తిరుపతి వెళ్లే రోడ్డు పసుపుపచ్చగా మారుతుంది. తమిళనాడు వైపు నుంచి పసుపు బట్టలు కట్టుకున్నవాళ్లు గుంపులు గుంపులుగా కొండకు నడిచి వెళ్తారు. శనివారాల్లో వాళ్లకు సాంబారన్నం, పెరుగన్నం పెట్టే సేవా బృందం ఒకటి మా వీధిలో ఉంది. ఊరు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని, కట్టెల పొయ్యి మీద అండాలు ఎక్కించి వాళ్లే వండుతారు. ఒక్కో అండా మనిషి నడుము దాకా వస్తుంది.

ఆ వంటకు పెద్దదిక్కు కల్యాణవల్లి. మా పక్కింటావిడ. ఆమె భర్త యతిరాజులు దేవస్థానం ఆఫీసులో పనిచేసి, రిటైరైన కొద్దికాలానికే పోయారు. నేను తిరుపతి కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. గుడికి వెళ్లను, వెళ్లేవాళ్లను ఆపను. ఆ షెడ్డు గురించి మాత్రం నాకొక అభ్యంతరం ఉండేది.

అక్కడ వండేటప్పుడు ఎవరూ రుచి చూడరు. ముందు స్వామి పటానికి నైవేద్యం, ఆ తరువాత నడిచి వచ్చినవాళ్లు, వాళ్లందరూ తిన్నాక మిగిలితే సేవకులు. నైవేద్యమైన అన్నంలో మళ్లీ ఉప్పు కలపడం, పులుపు సరిదిద్దడం కుదరదు. కొలవకుండానే ఫలితం ప్రకటించే పద్ధతి ఇదొక్కటే చూశానని ఒకసారి వేళాకోళం చేశాను.

"నాలికను ముందర కూర్చోబెడితే అది నాకే వండమంటాది అన్నా," అంది కల్యాణవల్లి. "వాళ్ల కోసరం వండాలంటే దాన్ని కాసేపు బయట నిలబెట్టాల."

పోయిన ఏడాది ఆఖరి శనివారం ఆ పద్ధతి బెడిసికొట్టింది. సాంబారన్నం నోట పెట్టలేనంత ఉప్పగా వచ్చింది. నడిచి నడిచి ఆకలితో వచ్చినవాళ్లు రెండు ముద్దలు తిని, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక దొన్నెలు మెల్లగా పక్కన పెట్టి, నీళ్లు తాగి వెళ్లిపోయారు. అన్నం అండాల్లోనే మిగిలిపోయింది. కల్యాణవల్లి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయిందని చెప్పుకున్నారు.

ఈ ఏడాది శ్రావణంలో బృందం కార్యదర్శి మునిశేఖర్ ఆమె ఇంటికి వచ్చాడు. హార్డ్‌వేర్ దుకాణం నడుపుతాడు. మనిషి మంచివాడు, మాట గట్టిది. నన్ను కూడా పిలిచి కూర్చోబెట్టారు.

"అక్కా, నీ మింద కోపం లేదు. వయసు అట్లాంటిది. ఒగసారి ఏసి, మర్సిపోయి మళ్లా ఏసింటావు. మొదటి శనివారం సూస్తాం. మళ్లా అట్లే అయితే తిరుచానూరులో క్యాటరింగు వాళ్లుండారు. వాళ్లకి అప్పజెప్పేద్దాం. నువ్వు నిమ్మళంగా కుర్చీలో కూర్చోని గోవిందా అనుకో."

"కుర్చీలో కూర్చునేదానికి షెడ్డు దాకా రావాల్నా మునిశేఖరా," అందామె. నవ్వుతూనే అంది. అతను వెళ్లిపోయాక ఆ నవ్వు మిగల్లేదు.

"అన్నా, దాచకుండా సెప్పు. మనిషికి మతి పోతా ఉంటే ఆ మనిషికి తెలుస్తాదా?"

"ఎందుకలా అడుగుతున్నావు?" అన్నాను.

"మా అమ్మకు ఇట్లనే మొదులైంది," అందామె. "ఉప్పు దగ్గరే. ఆఖరికి నన్ను సూసి, ఎవురమ్మా నువ్వు, యాడ నుంచి వచ్చినావు అని అడిగింది. షెడ్డు పోతే పోయింది. నాకు నేనే తెలీకుండా పోతానేమోనని బయంగా ఉండాది."

నాకు తెలిసిన ఓదార్పు ఒక్కటే. "ఒక్క అండాను చూసి తీర్పు చెప్పకూడదమ్మా. కృష్ణాష్టమికి షెడ్డులో వండుతారు కదా, నేను వచ్చి కూర్చుంటాను."

"నువ్వా? షెడ్డుకా?"

"చూడటానికి. దణ్ణం పెట్టడానికి కాదు."

"సూసినా పుణ్యమే వస్తాది, ఒద్దన్నా పోదు. జాగ్రత్త," అంది.

కృష్ణాష్టమి నాటి ఉదయం ఉప్పు బస్తా కనబడేలా కుర్చీ వేసుకుని, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కల్యాణవల్లి అండాలో పప్పు తిప్పింది, చింతపండు రసం పోసింది, కల్లుప్పు పిడికిళ్లతో వేసింది. ఒక్కసారే వేసింది. తరువాత తాలింపు చూసుకోవడానికి పక్క పొయ్యి దగ్గరకు వెళ్లింది.

అప్పుడు వసంతమ్మ వచ్చింది. పూలు కట్టి అమ్ముకునే ముసలావిడ. అటూ ఇటూ చూసి, బస్తాలోంచి పిడికెడు ఉప్పు తీసి, కళ్లకద్దుకుని అండాలో వేసి, ఏమీ ఎరగనట్టు వెళ్లి కూరగాయల దగ్గర కూర్చుంది. కాసేపటికి అరిటాకులు తెచ్చినతను వేశాడు. ఆ తరువాత విరిగిన చేతికి మా ఊళ్లో పేరున్న పుత్తూరు కట్టు కట్టించుకుని, రెండో చేత్తో నీళ్లు మోస్తున్న మనిషి, బిందె దించి మరీ వేశాడు. ఒకరు వేసినట్టు మరొకరికి తెలియదు. పేపరులో ఒక్క వార్త కూడా నా తలకెక్కలేదు.

వసంతమ్మ పక్కన చేరి నెమ్మదిగా అడిగాను.

"ఎవురన్నా సెప్పాల్నా సామీ?" అంది, దొరికిపోయినందుకు సిగ్గుపడుతూ. "అంత తెడ్డు నేను తిప్పలేను. బియ్యం మూట ఇచ్చే స్తోమత లేదు. నా సేత్తో ఓ పిడికెడు ఉప్పన్నా పోవాల గదా."

"ఉప్పే ఎందుకు?"

"ఉప్పయితే కలిసిపోతాది. ఎవురేసినారో తెలీదు. సేవ సేసినట్టు ఇంగొకరికి తెలిస్తే అది సేవ యాడైతాది?"

నియమాలను నేను చాలా చూశాను. ఇంత నిజాయితీగా, ఇంత మంది కలిసి, ఒకరికొకరు తెలియకుండా అన్నాన్ని పాడుచేసే నియమాన్ని మాత్రం అదే మొదటిసారి చూడటం. అందరూ మంచివాళ్లు, అందరూ వినయవంతులు, రుచి చూసేవాడు ఒక్కడూ లేడు. పండుగ రోజు వచ్చిన సేవకులు తక్కువ కాబట్టి ఉప్పు కాస్త ఎక్కువైందన్న మాటతో పోయింది. పోయిన పెరటాశి ఆఖరి శనివారం మాత్రం, ఎన్నడూ లేనంతగా, షెడ్డు నిండా సేవకులే. ఆ అండాలో ఎన్ని పిడికిళ్లు పడి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఇంటికి వచ్చి కల్యాణవల్లికి చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే నేను కాదు," అంది.

"నువ్వు కాదమ్మా."

"నేను ఒగసారే ఏసినాను."

"ఒక్కసారే. నేను చూశాను."

అంతటితో సమస్య తీరిందనుకున్నాను. ఉప్పు బస్తాకు తాళం వేసి, ఎవరూ ముట్టరాదని బోర్డు పెట్టమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"సేవకు వచ్చినోళ్ల సేతులు పట్టుకుంటామా? వసంతమ్మ ఇంకేం ఇస్తాదన్నా? ఆ పిడికెడే ఆమెకుండేది. వాళ్ల పేర్లు మునిశేఖరు దగ్గర ఎత్తొద్దు. నేను మర్సిపోయినాననుకున్నా సరే."

"మరి వంట పోతుందే?"

"నువ్వు సదువుకున్నోడివి గదా. అందురూ ఎయ్యాల, ఉప్పు ఎక్కువ కాకూడదు. ఆ దారి సూడు."

ఇంత పొందికగా అడిగిన ప్రశ్న నాకు ఉద్యోగంలో ఎన్నడూ ఎదురుకాలేదు. పాఠం చెప్పి చెప్పి అరిగిపోయిన సంగతే దానికి జవాబని తెలియడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. ఒక ఉదయం ఆమెను పిలిచి, స్టీలు బిందెలో నీళ్లు పోసి, కల్లుప్పు వేస్తూ కలపమన్నాను. కరుగుతూ కరుగుతూ వచ్చిన ఉప్పు ఒక దశలో కరగడం మానేసి అడుగున నిలిచింది.

"ఇంకా వెయ్యి," అన్నాను.

వేసింది. అదీ అడుక్కే పోయింది.

"నీళ్లు ఉప్పును ఒక హద్దు వరకే పుచ్చుకుంటాయి. ఆ హద్దు దాటాక పిడికెడు వేసినా, బస్తా వేసినా పైనున్న నీళ్ల ఉప్పదనం పెరగదు. అండాలో రాళ్లుప్పు వెయ్యడం మానేసి, ఈ నీళ్లు గరిటెతో కొలిచి పొయ్యమ్మా. వెయ్యాలనుకున్నవాళ్లను బిందెలో వేసుకోనీ."

ఆమె బిందెలోకి తొంగి చూసింది. "అంటే ఎంతమంది ఏసినా..."

"నీ గరిటెలోకి వచ్చేది అంతే."

ఇక గరిటెల లెక్క తేల్చాలి. ఆమె పిడికిలిని త్రాసులో తూచాను. ఎన్నిసార్లు పట్టినా ముల్లు ఇంచుమించు ఒకే చోట ఆగింది. మతి పోతున్న మనిషి చెయ్యి అలా ఉండదని చెప్పాను. ఆమె మళ్లీ ఒకసారి పట్టి, ముల్లు ఆగేదాకా చూసింది. ఇంట్లో చిన్న గిన్నెలో ఆమె వండి, దేవుడికి పెట్టాక, తిని తప్పొప్పులు చెప్పే బాధ్యత నాది. మొదటిది చప్పగా ఉంది, రెండోది ఫరవాలేదు, మూడోది రెండు సార్లు వడ్డించుకున్నాను.

పెరటాశి మొదటి శనివారం తెల్లవారేసరికి బిందె షెడ్డు మధ్యలో పీట మీద ఉంది. దానికి పసుపు రాసి, పూలదండ కట్టారు. అది నా సలహా కాదు. ఉప్పు సేవ చేయదలచినవాళ్లు అందులో వేయవచ్చని, అండాల్లో మాత్రం ఎవరూ వేయవద్దని కల్యాణవల్లి అందరికీ చెప్పింది.

వసంతమ్మ పిడికెడు వేసి, అడుగు వైపు చూసి, నా దగ్గరకు వచ్చింది. "సామీ, నాది అడుగునే ఉండిపోయిందే. అండాలోకి పోయేది వేరేవాళ్లదే గదా?"

"అడుగున ఉన్నది ఊరికే కూర్చోదమ్మా. కొంత కరుగుతూ ఉంటుంది, కరిగినదాంట్లో కొంత మళ్లీ గట్టిపడి కిందికి దిగుతూ ఉంటుంది. నీది నీళ్లలోకి పోతుంది, వేరేవాళ్లది నీ చోటికి వస్తుంది. ఆ రాకపోకలు ఆగవు."

"నిజంగానా?"

"ఇది నమ్మి చెప్పే మాట కాదు. శాస్త్రం తేల్చిన మాట."

ఆమె నాకు దణ్ణం పెట్టింది. ఆపేలోపలే పెట్టేసింది.

అందరూ అయ్యాక మునిశేఖర్ బిందె దగ్గరకు వచ్చాడు. అటూ ఇటూ చూసి పిడికెడు ఉప్పు వేశాడు. తల తిప్పితే నేను.

"పోయినేడు కూడానా?" అని అడిగాను.

అతను మెడ రుద్దుకున్నాడు. "ఏటా ఏస్తా ఉండా సార్. అండాలోనే. మా నాయన నేర్పించినాడు." కాసేపటికి అతని ముఖం మారింది. బిందె వైపు, దాని చుట్టూ ఉన్న జనం వైపు చూశాడు. "అయితే అందురూ..."

"అందరూ."

కల్యాణవల్లి గరిటెతో ఉప్పునీళ్లు కొలిచి పోస్తుంటే అతను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నైవేద్యానికి ముందు అతనికి మళ్లీ భయం పట్టుకుంది. నన్ను పక్కకు పిలిచాడు. "సార్, మాకంటే నియమం. మీకు ఇయ్యన్నీ లేవు గదా. ఓ మెతుకు నోట్లో ఏసుకుని సెప్పండి. తేడా ఉంటే ఇప్పుడే సరిసేద్దాం. ఎవురికీ తెలీదు."

అతను అన్నది సబబే. నాకే నియమమూ లేదు. తెలుసుకోవాలన్న ఆత్రం అతనికంటే నాకే ఎక్కువ. అండా వైపు ఒక అడుగు వేశాను కూడా. పొయ్యి అవతల కల్యాణవల్లి నన్నే చూస్తోంది. వద్దనలేదు, రమ్మనలేదు.

"కొలత సరైనదైతే నా నాలుక అక్కర్లేదు," అన్నాను. "సరికాకపోతే తినేవాళ్లే చెబుతారు. ఆమె పద్ధతిలోనే జరగనీ."

ఎండెక్కేసరికి గోవిందనామాలతో మొదటి గుంపు వచ్చింది. అందరికంటే ముందు అరక్కోణం నుంచి నడిచి వస్తున్న పెద్దాయన, బొబ్బలెక్కిన కాళ్లు చాపుకుని కూర్చుని దొన్నె అందుకున్నాడు. నేను తిరుపతిలో ఎన్నో పరీక్షల ఫలితాలు చూశాను. ఆ ముసలాయన ముద్ద కలుపుతున్నప్పుడు ఊపిరి బిగబట్టినట్టు ఎప్పుడూ బిగబట్టలేదు.

ఆయన తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. దొన్నె అంచున అంటిన మెతుకును వేలితో తీసుకుని, ఖాళీ దొన్నెను కల్యాణవల్లి ముందు చాచాడు.

"ఇంకొంచెం పెట్టమ్మా."

ఆమె పెట్టింది. వెనక ఉన్నవాళ్లు కూడా మళ్లీ దొన్నెలు చాచారు. ఇంకో గుంపు వచ్చింది, ఆ వెనక ఇంకొకటి. తిని వెళ్లినవాళ్లు రోడ్డు మీద ఎదురైనవాళ్లకు షెడ్డు చూపిస్తున్నారు. వడ్డించేవాళ్ల గొంతులు లేచాయి, వసంతమ్మ ఉన్న చోటనే నామాలకు తాళంగా చిన్నగా అడుగులు వేస్తోంది. పొద్దు వాలకముందే ఆఖరి అండాను పక్కకు వంచి, కల్యాణవల్లి గరిటెతో అడుగు మీద కొట్టింది. ఖాళీ ఇత్తడి ఖంగుమంది. షెడ్డంతా గోవిందా అంది. నేను ఆ మాట అనలేదు, చేతులు మాత్రం చప్పట్లు కొట్టాయి.

సేవకులకు ఏమీ మిగలలేదు. బన్నులు, అరటిపండ్లు తెప్పించుకుని తిన్నాం. ఆ సాంబారన్నం ఎలా ఉందో నాకు ఈనాటికీ తెలియదు.

కల్యాణవల్లి అండా మీద చెయ్యి ఆనించి మునిశేఖర్‌ను పిలిచింది. "వచ్చే శనివారానికి ఇంగో అండా కావాల. కందిపప్పు ఈసారిది ఉడికేదానికి మొరాయించింది, అంగడి మార్చు. మునక్కాయలు లేతయి తీసుకురా. చింతపండు పాతది. కరేపాకు వసంతమ్మ చెట్టుదే, కొనొద్దు. పొయ్యి రెండోది కుడి పక్కన కుంగింది, ఇటుక పెట్టించు. పెరుగు ఆలీసం కాకుండా పొద్దున్నే రావాల."

మునిశేఖర్ తలూపుతూ నిలబడ్డాడు. జేబులో పెన్ను అలాగే ఉంది.

"రాసుకోవేం?" అందామె.

"నేను రాసుకునేదెందుకక్కా," అన్నాడు. "నీకు గుర్తుంటాది గదా."