స్క్రూలకంటిన సబ్బు

"ఆ వర్క్‌షాపు గది కాస్త సర్దిపెట్టు. సాయంత్రం పాతసామాన్లవాడు వస్తాడు," అన్నారు మా ఆయన, షూ లేసు కట్టుకుంటూ. సెలవురోజు. ఆయనకి స్నేహితులతో షటిల్ ఆట, నాకు గది సర్దుడు. "ముందా వాషింగ్ మెషీన్ పంపించేస్తే సగం గది ఖాళీ. ఎంతసేపు, చిటికెలో పని," అని గేటు దాకా వెళ్ళి మరీ చెప్పారు. ఆయన నోట్లో నా పనులన్నీ చిటికెలోనే అయిపోతాయి.

వెనక వైపున్న ఆ గదిలో "నా సామాన్లు ముట్టుకోకు" అని పెళ్ళయిన కొత్తలోనే అన్నారు. అందుకని ఇల్లంతా ఊడ్చే నేను ఆ గుమ్మం దగ్గర చీపురు ఆపేసేదాన్ని. మా ఆయనకి విప్పడం బాగా వచ్చు. ఇంట్లో ఏ వస్తువు మూలిగినా "మెకానిక్కెందుకు, నేను లేనూ?" అంటూ మోసుకుపోయి పీకి పాకం పెడతారు. లోపల ఏముందో చూసేశాక సరదా తీరిపోతుంది. బిగించడం రేపు. అలాంటి రేపులన్నీ ఆ గదిలో నడుము ఎత్తున పేరుకుపోయాయి.

తలుపు తోసి నిలబడ్డాను. కోపం రావాల్సిందే గానీ ముందు నోరు తెరుచుకుని ఉండిపోయాను. నా ఇల్లు ఇక్కడుంది. చక్రం ఊడిన వాక్యూమ్ క్లీనర్, రెక్కలు తీసేసిన వంటింటి ఫ్యాను, పిడి లేని ఇస్త్రీపెట్టె, మూలన వీపు తెరిచిపెట్టిన వాషింగ్ మెషీన్. ఇవన్నీ ఆగిపోయాయి గానీ ఇంట్లో ఒక్క పనీ ఆగలేదు. వాక్యూమ్ క్లీనర్ ఇక్కడికొచ్చాక నా నడుము ఊడ్చింది. మెషీన్ ఇక్కడికొచ్చాక దుప్పట్లతో సహా అన్నీ నా మణికట్లే ఉతికాయి. నొప్పి అంటే "మంచిదేగా, వ్యాయామం," అన్నారు. ఆ మెషీన్ నాకు కావాలి. ఆ మాట పైకి అనుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. సాయంత్రంలోగా అది తిరగకపోతే తుక్కులోకి పోతుంది.

నేలంతా ఊడ్చి, బల్ల మీది చెత్త దించాక ఒక చదునైన పసుపుపచ్చ చెక్క బయటపడింది. ఇంత అందమైన బల్ల ఈ ఇంట్లో ఉందని నాకు తెలీదు. ఆ చెత్త అడుగునే విప్పని కవరులో నల్లటి బెల్టు దొరికింది. వాషింగ్ మెషీన్ బొమ్మ వేసుంది దాని మీద. పాత బెల్టు తెగిందని తెలుసుకున్నారు, కొత్తది కొనుక్కొచ్చారు, దాని మీద పాత పేపర్లు పడేశారు. పెళ్ళికి వెళ్తూ పిల్లని మరిచిపోయినట్టుంది మా ఆయన వ్యవహారం. నవ్వొచ్చింది, ఆ తర్వాత కాసేపు మణికట్టు పట్టుకుని కూర్చున్నాను.

అసలు చిక్కు స్క్రూలు. ఏ వస్తువు విప్పినా స్క్రూలన్నీ ఒకే పెద్ద డబ్బాలో పోస్తారాయన. బల్ల మీద గుమ్మరిస్తే గలగలా కుప్ప పడ్డాయి. ఇందులో ఏవి దేనివో ఎవరు చెప్పాలి? నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌లో యంత్రం ఆగితే, రోజూ దాన్ని నడిపే నన్ను పక్కకి జరగమని, "మగవాళ్ళెవరైనా ఉన్నారా మేడమ్?" అని అడుగుతాడు టెక్నీషియన్. పక్కకి జరిగి, అతని చేతుల వైపే చూస్తుంటాను.

ఒక స్క్రూ తీసి వెలుతురులో పట్టుకున్నాను. దాని గాడుల్లో తెల్లగా, పొడిగా ఏదో ఉంది. గోటితో గీకి వాసన చూశాను. సబ్బు. ఇంకొకటి తీశాను. జిడ్డు, దాని మీద నల్లటి నూగు. వంటింటి ఫ్యానుది. ఆ జిడ్డుని స్టూలెక్కి ఎన్నిసార్లు తుడవలేదు. మరొక దానికి తలవెంట్రుక చుట్టుకుంది, పొడుగ్గా, నాదే. వాక్యూమ్ క్లీనర్. ఇవి నాకు తెలుసు. వీటి లోపలేముందో ఆయన ఒక్కసారి చూశారు గానీ, ఏ వస్తువుకి ఏ మురికి పడుతుందో ఇన్నేళ్ళూ తుడిచినదాన్ని నేను. బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతుంటే కుప్ప తనంతట తానే విడిపోతున్నట్టనిపించింది. నేనెప్పుడూ తెలివిగలదాన్ననుకోలేదు. ఆ బల్ల ముందు నా చేతుల్ని చూసి నాకే గౌరవం కలిగింది.

మెషీన్ వెనక కూర్చుని లోపలికి చూశాను. ముందు నుంచి చూస్తే అదొక తెల్ల డబ్బా. వెనక ఎంత పెద్ద చక్రం! మోటారు బోల్టులు బిగించాను. ఎర్ర వైరుని ఎర్రదానికి, నీలాన్ని నీలానికి కలిపాను. బెల్టుని చిన్న చక్రానికి తగిలించి, పెద్దదాని అంచు మీద ఆనించి మెల్లగా తిప్పితే, అది నా మాట వింటున్నట్టు పాకి ఎక్కి కూర్చుంది. సబ్బు అంటిన స్క్రూలతో వీపు మూశాను. ఒక్కటి మిగల్లేదు.

"ఏంటమ్మా, ఇంకా బయటికి రాలేదు?" అంటూ అత్తయ్య వచ్చారు. లోపల ఒక తువ్వాలు వేసి స్విచ్ నొక్కాను. ముందు చిన్న మూలుగు. తర్వాత గాజు తలుపు వెనక తువ్వాలు పొర్లింది, లేచింది, డ్రమ్ము గోడకి అతుక్కుని మాయమైపోయింది. అత్తయ్య మెషీన్ మీద అరచెయ్యి పెట్టారు. నేనూ పెట్టాను. ఆ అదురు చేతుల్లోంచి గుండెల్లోకి వచ్చింది. దేవుడెదురైతే ఇలాగే ఉంటుందేమో, నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

"మీ మామయ్యకీ విప్పడమే వచ్చు," అన్నారు అత్తయ్య. "నన్నూ ఈ గడప దాటనిచ్చేవారు కాదు. ఇంకొంచెంసేపు తిరగనీ."

చెమటతో వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. "ఎవర్ని పిలిచావ్?"

"ఎవర్నీ పిలవలేదు. నేనే బిగించాను."

అత్తయ్య వైపు చూశారు. ఆవిడ తలూపారు. ఆయన మెషీన్ ఆపి దాని చుట్టూ తిరిగారు, తలుపు తెరిచారు, మూశారు. "బెల్టు ఎటువైపు నుంచి ఎక్కించావ్? మోటారు అసలు ఎలా కూర్చుంది?" అని తనలో తనే గొణుక్కున్నారు. నేను పక్కనే ఉన్నాను. అయినా నా వైపు చూడలేదు. బయట పాతసామాన్లవాడి కేక వినబడింది. "ఉండవయ్యా," అని అరిచి, బల్ల మీంచి స్క్రూడ్రైవర్ తీసుకుని మెషీన్ వెనక్కి వంగారు. "ఒక్కసారి విప్పి చూస్తాను, చిటికెలో పని."

ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను.

"విప్పక్కర్లేదు," అన్నాను. "నన్నడగండి, చెప్తాను."