ఆరో కెమెరాలో తెల్ల కారు

ప్రసన్నకుమారి జపాన్ ఎన్నడూ చూడలేదు. కానీ అక్కడి ఒక కొండదారి ఆమెకు చంద్రగిరిలో తన ఇంటి వీధికన్నా బాగా తెలుసు.

ఉత్తరాన మంచుకొండల్లో మొదలై, సముద్రపు ఒడ్డున ఒక చిన్న రేవుపట్నంలో ముగిసే ఎక్స్‌ప్రెస్‌వే అది. డెబ్బై రెండు కిలోమీటర్లు, పదకొండు సొరంగాలు. పోవడానికి ఒక వరస, రావడానికి ఒక వరస. నడుమ రబ్బరు గుంజలే తప్ప గోడ లేదు. ఆ దారి కెమెరాల్లో కంప్యూటర్‌కు అనుమానం వచ్చిన బొమ్మలన్నీ తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీది ఒక మూడంతస్తుల ఆఫీసుకు వస్తాయి. నాలుగు సెకన్లలో ‘మామూలే’ అనో ‘ప్రమాదం’ అనో నొక్కాలి. జపాన్ పేర్లు నోరు తిరగక, ఆఫీసువాళ్ళు సొరంగాలకు తమ ఘాట్ల పేర్లు పెట్టుకున్నారు. అన్నిటికన్నా పొడవైనది మొగిలి ఘాట్.

మధ్యాహ్నం పన్నెండున్నర. అక్కడ సాయంత్రం నాలుగు, మంచు కురుస్తోంది. ప్రసన్నకుమారి తెల్లవారుజామున ఈ కుర్చీలో కూర్చుంది. సెలవు లేకుండా ఇది పదహారో రోజు. కళ్ళలో ఇసుక పోసినట్టుంది.

ఆరో కెమెరా. మొగిలి ఘాట్ ఇవతలి మూతి. లోపలికి పోతున్న చిన్న తెల్ల కారు. మామూలే.

ఎనిమిదో కెమెరా. సొరంగం అవతల, సముద్రం వైపు నుంచి పైకి ఎక్కి వస్తున్న బస్సు. కిటికీల నిండా తలలు. మామూలే.

గుంజ మీద వాలిన కాకి. మామూలే.

అప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇందాకటి ఆరో కెమెరా బొమ్మ కళ్ళ ముందు మెదిలింది.

ఆ తెల్ల కారు వెనక దీపాలు ఎర్రగా కనబడ్డాయి. కుడి వరసలో. ఆ వరసలో సొరంగంలోంచి బయటికొచ్చే బండ్ల ముందు దీపాలే కనబడాలి.

కారు ఎదురు వరసలో సొరంగంలో దూరింది. అదే వరసలో బస్సు వస్తోంది.

ఎలా వదిలేసింది? ఈ పనికి ముందు నాలుగేళ్ళు నాయుడుపేట రోడ్డు కెమెరాలు చూసిన కళ్ళు అవి. అక్కడ దూరంగా తిరిగి రావడం ఎందుకని ట్రాక్టర్లు, ఆటోలు, బైకులు ఎదురు దారిలోనే వచ్చేస్తుంటాయి. “రోజుకు రెండొందలుంటాయి, మామూలే అని కొట్టేయండి” అని మొదటిరోజే చెప్పారు. ఆ నాలుగేళ్ళలో కన్ను అంత బాగా నేర్చుకుంది.

‘మామూలే’ అన్న బొమ్మను తిరిగి తెరవాలంటే సూపర్‌వైజర్ లాగిన్ కావాలి. ఆమె లేచి భానుచందర్ బల్ల దగ్గరికి పరుగెత్తింది.

“భానూ, తప్పు నొక్కేసినాను. కారు ఎదురుగా పోతాండాది. తెరువు, తెరువు!”

“అబ్బా, నిదానంగా చెప్పక్కా. ఈ నెల్లో నీ పేరు మీద ఇప్పటికే రెండు తప్పులుండాయి. మూడోది పడితే పొద్దుగూకేలోపల నీ లాగిన్ మూసేస్తారు, తెలుసు గదా?”

“తెలుసు.”

“ఏడో కెమెరాలో సూసి చెప్దాం. రెండు నిమిషాలే.”

“ఏడోది సొరంగం అవతల ఉండాది నాయనా! ఆడ కనబడేలోపల లోపలే గుద్దుకుంటారు.”

“మళ్ళీ సూడు. రివర్స్‌లో వస్తాందేమో...”

ఆమె అతన్ని కుర్చీతో సహా పక్కకు నెట్టి పాస్‌వర్డ్ కొట్టింది.

“నా పాస్‌వర్డ్ నీకెట్ల తెలుసు?”

“బల్ల మీద అంటించుకోనుండావు గదా. కాఫీ ఇచ్చే ఆయనక్కూడా తెలుసు.”

ప్రమాదం నొక్కింది.

ఏడో కెమెరాలో సొరంగం మూతి మీద ఎర్రదీపాలు వెలిగాయి. బస్సు బ్రేకు వేసింది, మంచు మీద కొంచెం జారింది, మూతికి పది గజాల దూరంలో ఆగింది. నిమిషానికి తెల్ల కారు మెల్లగా పాకుతూ బయటికొచ్చి, బస్సు ముక్కుకు ఎదురుగా నిలిచింది. ఉన్ని టోపీ ముసలాయన దిగాడు. బస్సును చూశాడు, దారిని చూశాడు. నడుం వంచి దండం పెట్టాడు. బస్సు డ్రైవరూ దిగి తిరిగి వంగాడు.

“ఇదేందక్కా, దండాలు పెట్టుకుంటాండారు?” పక్క సీటు స్రవంతి నోరు తెరిచింది. “మన పక్కయితే ఈపాటికి సొక్కా పట్టుకోనుంటారు.”

హాలంతా నవ్వింది. ప్రసన్నకుమారికి నవ్వే ఓపిక కూడా లేదు.

జపాన్ కంట్రోల్ రూమ్ నుంచి సందేశం వచ్చింది. కృతజ్ఞతలు. హెచ్చరిక ఒక నిమిషం యాభై సెకన్లు ఆలస్యం. కారణం రాయండి.

“నెట్ పోయిందని రాసెయ్యక్కా,” భానుచందర్ గొంతు తగ్గించాడు. “ఎవురడగతారు? నేనూ అదే రాస్తా.”

ఆమె హాలు కలయజూసింది. తర్వాత కొట్టడం మొదలుపెట్టింది: ‘మేము ఇంతకుముందు చూసిన దారిలో ఎదురొచ్చే బండ్లు మామూలు. ఆ అలవాటులో నా కన్ను దీన్ని వదిలేసింది. ఆ దారి చూసి వచ్చినవాళ్ళు ఇక్కడ ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు.’

“ఉద్యోగం పోతాదే!” భానుచందర్ ఉలిక్కిపడ్డాడు.

“పోనీలే. రేపు స్రవంతి నొక్కతాది మామూలే అని. అప్పుడు బస్సు ఆగదు.”

ఆరు నిమిషాల తర్వాత ఆమె స్క్రీన్ బూడిదరంగుకు తిరిగి, లాగిన్ మూసుకుపోయింది. ఏడుపొస్తుందనుకుంది. ఆవులింత వచ్చింది. టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని లేచింది.

బొమ్మలు మాత్రం ఆగవు. వేరే మనిషి లేక భానుచందరే తన లాగిన్‌తో ఆ కుర్చీలో కూర్చున్నాడు. రెండు బొమ్మలకే చెమటలు పట్టాయి.

“అక్కా, ఈ సొరంగం దాటితే ఏమొస్తాది?”

వాకిలి దాకా పోయిన ఆమె వెనక్కి వచ్చి, భుజాన సంచితోనే కుర్చీ వీపు పట్టుకుంది.

“వంతెన. ఆడ గాలెక్కువ, లారీలు ఊగతాయి, దానికి భయపడాకు. ఆ తర్వాత భాకరాపేట ఘాట్. కుడిపక్క ఎర్రదీపం కనబడిందా, ఆలోచన చెయ్యబాక, నొక్కెయ్యి.”

కూర్చోకుండానే, ఒక్కొక్క కెమెరా, దారి సముద్రం చేరేదాకా చెప్పింది.