లింగవ్వ కళ్ళు

పనిమనిషి లింగవ్వ మీద హారం దొంగతనం మోపి, బంగళా గేటు బయటికి నెట్టి, అంతటితో సీరియల్ ముగించేశారు. ఆమె తీసిందో లేదో తేల్చలేదు. ఆ సీరియల్లో మా తెలంగాణ యాస మాట్లాడేది లింగవ్వ ఒక్కతే. నోరు తెరిస్తే చాలు, వెనక నవ్వుల మోత పెట్టేవాళ్ళు. నాకు ఒళ్ళు మండింది.

అందుకే మిగతా కథ నేనే బొమ్మల్లో వేశాను. మాది కులకథలు చెప్పేవాళ్ళకు గుడ్డ మీద కథల పటాలు వేసే ఇల్లు. నా లింగవ్వ తిరిగొచ్చి, హారం తాకట్టు పెట్టిన ఆ ఇంటి చిన్నదొరను పట్టిచ్చి, హాల్లో కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. స్టేషన్ ఘన్‌పూర్ దీక్షా శిబిరంలో నా బొమ్మల జిరాక్సు కాగితాలు చేతులు మారి మారి నలిగిపోయాయి.

ఎలా చేరాయో గాని, అవి హైదరాబాదులో సీరియల్ రచయితకు చేరాయి. ఆయన కారేసుకుని మా ఇంటికే వచ్చాడు.

"మీ గీత బాగుందమ్మా. మేమే బొమ్మల పుస్తకం తెస్తున్నాం, మీరే వేయండి. అట్ట మీద మీ పేరుంటుంది. కాకపోతే హారం తీసింది లింగవ్వే. చివర్లో అమ్మగారి కాళ్ళ మీద పడి ఒప్పుకుంటుంది. అదీ అసలు కథ. మీది సరదాకి వేసుకున్నది."

అట్ట మీద పేరు. జీవితమంతా పటాలు వేసిన మా నాయిన బుచ్చయ్య పేరు ఏ పటం మీదా లేదు. నాకు ఆశ పుట్టింది, బాగా పుట్టింది. పేజీలన్నీ వేసేశాను, లింగవ్వ కళ్ళు తప్ప.

మా ఇంట్లో కళ్ళు చివర దిద్దుతారు. ఏ కులం వాళ్ళ కథైతే ఆ కులం పెద్దలు పటం చూసి, ఇది మా కథే అనాలి. అన్నాకే నాయిన కుంచె ముంచేవాడు.

"గిది ఎవలకు జూపిస్తవే రాజీ?" అన్నాడు నాయిన. "లింగవ్వ మనుషులు ఎవలు?"

పేజీలను శిబిరానికి తీసుకెళ్ళాను. నాట్లు వేసేవాళ్ళు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు చుట్టూ మూగారు. లింగవ్వ అమ్మగారి కాళ్ళ మీద పడ్డ బొమ్మ దగ్గర ముసలి కొమురవ్వ ఆగిపోయింది.

"నేను దొర ఇంట్ల పన్జేసిన బిడ్డా. ఉంగరం పోతే అందరి ముంగట నా కొంగు ఇప్పిచ్చిన్రు. అది ఆళ్ళ బియ్యం డబ్బల్నే దొరికింది. తప్పైందని ఒక్కలు గూడ అనలే. తెల్లారి ఎప్పటిలెక్కనే బాసన్లు తోమిన." కాగితం నా ఒళ్ళో పెట్టింది. "గీమెకు కండ్లు పెట్టకు."

రచయిత పేజీల కోసం శిబిరానికే వచ్చాడు. తిరగేసి, "కళ్ళేవమ్మా?" అన్నాడు.

"వీళ్ళు ఒప్పుకోలే సార్."

"వీళ్ళు ఒప్పుకునేదేంటి? లింగవ్వను పుట్టించింది నేను."

"పుట్టించినవ్. గేటు బయట ఇడిసిపెట్టి పోయినవ్," అంది కొమురవ్వ. "అప్పటిసంది సాదింది మేము."

ఆయన నా వైపు తిరిగాడు. "అట్ట మీద పేరు పోతుంది, ఆలోచించుకో."

పేజీలు ఆయన చేతుల్లోంచి తీసుకున్నాను.

పుస్తకం ఇంకెవరో వేయగా వచ్చింది. మెరిసే రంగులు, నున్నటి కాగితం. కొమురవ్వ చేతిలో పెట్టాను. కాళ్ళ మీద పడ్డ ఆవిడను చాలాసేపు చూసింది.

"గీమె ఎవలో పాపం," అని పుస్తకం మూసి పక్కన పెట్టింది. "కుర్చీల కూసున్న మన లింగవ్వను తే."