శ్రుతి చేసిన పియానో

ఒత్తోరినో బజ్జాని గొంతు ఇంట్లో పగులుతోంది, థియేటర్‌లో పగలడం లేదు. వారం రోజులుగా ఆ ముక్క ఆయన్ని తిండి తిననివ్వడం లేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఊరి ఒపేరాలో రాజులూ, మతగురువులూ, దయ్యాలూ అందరిదీ ఆయన మంద్ర స్వరమే. ఆదివారం సీజన్ మొదలు. ఏటా పాడే ముసలి రాజు పాట చివర్లో ఒక్క పై స్వరం ఉంది. అది పగిలిందా, పై గ్యాలరీ వాళ్ళు గేలిగా ఈలలేసి సాగనంపుతారు. ఎంత పేరున్నవాణ్ణయినా వదలరు, పాపిష్టి చెవులు వాళ్ళవి. మర్నాడే ఆ కిరీటం నేవియో నెత్తికెక్కుతుంది.

నేవియో ఆయన శిష్యుడే. ఆయనకి జబ్బు చేస్తే బదులు పాడాల్సినవాడు. రోజూ వస్తాడు, "గురువుగారూ" అంటాడు, వంటింట్లోకి దూరి ఆయన భార్య ఎర్సీలియాతో గుసగుసలాడతాడు. ఈయన అడుగు వినపడగానే ఇద్దరూ కోడి సూపు సంగతి ఎత్తుకుంటారు. సూపుకి గుసగుసలెందుకు చెప్పండి!

"ఇందులో ఏం కలిపావ్?" అన్నాడు శుక్రవారం గిన్నె పక్కకి నెట్టి.

"ఉప్పు. చాల్లేదా?"

"ముందు నువ్వు తాగు."

ఎర్సీలియా ఆయన కళ్ళలోకే చూస్తూ గిన్నెడూ తాగేసింది. "ఇక మీకు లేదు, పోండి."

దాంతో అనుమానం తగ్గొద్దూ? తగ్గలేదు. విరుగుడు ముందే మింగి ఉంటుందనుకున్నాడు మహానుభావుడు.

ఇంకోటి కూడా ఉంది. ఇంట్లో పియానోని ఆవిడ నాలుగేళ్ళుగా ఏదో వంకతో శ్రుతి చేయనివ్వలేదు. పోయిన వారం ఆవిడ చెల్లెలింటికి వెళ్ళినప్పుడు ఈయన మనిషిని పిలిపించి చేయించేశాడు. తిరిగొచ్చి ఆ మాట వినగానే ఆవిడ మొహం పాలిపోయింది. అదీ గుర్తు పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా థియేటర్‌కి వెళ్ళాడు. వేదిక ముందు వాద్యకారుల చోట గ్వెర్రీనో ఒక్కడే తన బాస్ ఫిడేలు తుడుచుకుంటున్నాడు. ఈయన్ని చూసి ముందున్న స్వరాల పుస్తకం టక్కున మూసేశాడు.

"ఇలా తే."

"ఇప్పుడెందుకులే ఒత్తోరినో, రేపు..."

లాక్కుని తెరిచాడు. రాజు పాట మీద ఇంకో కాగితం అతికించి ఉంది. ప్రతి స్వరమూ అర మెట్టు దించి రాసి ఉంది. ఆ చేతిరాత ఎర్సీలియాది. పెళ్ళికి ముందు ఆవిడ ఇక్కడే స్వరాల ప్రతులు రాసేది.

"ఇది ఎందరి పుస్తకాల్లో ఉంది?"

"అందరివాటిలోనూ," అన్నాడు గ్వెర్రీనో నేల చూస్తూ. "నలభై మందిమి. నాలుగేళ్ళు. ఒక్కడూ నోరు జారలేదు."

ఒత్తోరినో కుర్చీలో కూలబడ్డాడు. అంటే ఇంట్లో పియానోని కూడా ఆవిడ అర మెట్టు కిందే ఉంచిందన్నమాట. ఆ శ్రుతి చేయడానికి వచ్చినవాడు శుభ్రంగా పైకి లాగిపోయాడు. గొంతు పగలగొట్టింది సూపు కాదు, వయసు.

అంతలో ఆయన్ని వెతుక్కుంటూ ఎర్సీలియా రొప్పుతూ వచ్చింది, వెనకే నేవియో.

"గురువుగారూ, మీ అంతటి వారిని ఈలలేయనిస్తామా?" అన్నాడు నేవియో. వాడి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఒత్తోరినో గోటితో కాగితం ఒక మూల లేపాడు. కింద పాత స్వరాలు అలాగే ఉన్నాయి.

"గ్వెర్రీనో, అసలు శ్రుతి ఇవ్వు."

బాస్ ఫిడేలు మోగింది. ఖాళీ హాల్లో నిండు గొంతుతో పాడాడు. చివరి స్వరం ఎండుకట్టెలా విరిగింది. నాలుగేళ్ళ చప్పట్లూ గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు.

తర్వాత లేపిన మూలని బొటనవేలితో మళ్ళీ అదిమాడు. పుస్తకం భార్య చేతికిచ్చాడు.

"ఇక్కడ ఊడొస్తోంది," అన్నాడు. "రేపటికి కాస్త జిగురు పెట్టు."